ఏటి సార్ గుర్తులు: స్వర్ణముఖి గట్టు మీద ఆయన్ని ఎరిగినవాళ్ళందరూ రాయండి

పాకాల ప్యాసింజర్:
అందరికీ నమస్కారం. చాలామందికి ఈపాటికే తెలిసే ఉంటుంది, మన ఏటి సార్ పోయిన వారం కన్నుమూశారు. వయసు మీదపడి కొన్నాళ్ళుగా ఇల్లు కదలడం లేదు. చివరిదాకా జ్ఞాపకశక్తి మాత్రం చెక్కుచెదరలేదని వాళ్ళబ్బాయి చెప్పారు. సార్ పేరు నెట్‌లో పెట్టొద్దని ఇంట్లోవాళ్ళు కోరారు. కాబట్టి 'సార్' అనే రాసుకుందాం. చంద్రగిరి నుంచి కాళహస్తి దాకా 'ఏటి సార్' అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది.

మాకు పీజీలో జియోగ్రఫీ చెప్పారు. మొదటి క్లాసులో పుస్తకం తెరవలేదు. "పొద్దున మీ ఇంట్లో తాగిన నీళ్ళు ఎక్కడివి?" అని ఒక్కొక్కరినీ లేపి అడిగారు. ట్యాపు అని ఒకరు, బోరు అని ఒకరు, క్యాను అని ఇంకొకరు. సార్ వదల్లేదు. ట్యాపులోకి ఎక్కడినుంచి వచ్చాయి? ట్యాంకులోకి ఎక్కడినుంచి? అలా లాగి లాగి కల్యాణి డ్యామ్ దాకా తీసుకెళ్ళారు. శేషాచలం కొండల మీద పడ్డ వాన కల్యాణి అయి దిగి, 1977లో కట్టిన డ్యాములో ఆగి, తిరుపతికీ తిరుమలకీ వస్తోందని, అది చాలక శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్ళు సోమశిల, కండలేరు మీదుగా తెలుగుగంగలో మన దాకా వస్తున్నాయని అప్పుడే తెలిసింది నాకు. తర్వాత బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, "మీరు రోజూ బస్సులో దాటే ఏరు ఇది. పేరేంటి?" అన్నారు. అందరం స్వర్ణముఖి అన్నాం. "ఇందులో నీళ్ళు పారుతుంటే ఎప్పుడు చూశారు?" అన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

పాకాల దగ్గరి కొండల్లో పుట్టి, చంద్రగిరి, తొండవాడ, తిరుచానూరు, ఏర్పేడు, కాళహస్తి, నాయుడుపేట దాటి బంగాళాఖాతంలో కలిసే ఏరు ఇది. పొడవు దాదాపు 130 కిలోమీటర్లు. అందులో సార్ కాలు పెట్టని మైలు లేదంటే అతిశయోక్తి కాదు. రిటైరయ్యాక ఇంకా ఎక్కువ తిరిగారు. సంతాప సభలు వద్దని ముందే చెప్పి పోయారట. అందుకని ఇక్కడ రాసుకుందాం అనిపించింది. మీకు తెలిసిన సార్‌ని మీరు రాయండి. పొగడ్తలు కాదు, ఆయన ఏం చేశారో, ఏం చూపించారో అది రాయండి.

రాళ్ళపిచ్చి:
వార్త చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు అన్నా.

నేను జియాలజీ. సార్ మా డిపార్ట్‌మెంట్ కాదు, అయినా వాళ్ళ పిల్లల ఫీల్డ్ ట్రిప్పులో నేనూ దూరేవాణ్ణి. ముందు తిరుమల ఘాట్ రోడ్డులో రెండు రకాల రాళ్ళు కలిసే చోటికి తీసుకెళ్ళేవారు. కింద గ్రానైట్, వయసు 250 కోట్ల ఏళ్ళ పైమాటే. దాని నెత్తిన కూర్చున్న క్వార్ట్‌జైట్ వయసు సుమారు 160 కోట్ల ఏళ్ళు. మధ్యలో కోట్ల కొద్దీ ఏళ్ళ కాలానికి రాతిలో ఆనవాలే లేదు. 'ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ' అని జియలాజికల్ సర్వే వాళ్ళు బోర్డు కూడా పెట్టారు. కొండ బస్సుల్లో రోజూ వేలమంది దాని పక్కనుంచే పోతుంటారు. ఎవరికీ తెలియదు.

మిగతా మాస్టార్లు అక్కడితో ఆపి టిఫిన్ పొట్లాలు విప్పించేవారు. మా సార్ మాత్రం మధ్యాహ్నానికల్లా ఏట్లోకి దింపేవారు. గుప్పెడు ఇసుక తీసి లెన్సు చేతికిచ్చి, "పొద్దున చూసిన రాళ్ళు ఇందులో వెతకండి" అనేవారు. అద్దంలా మెరిసే గింజ క్వార్ట్జ్, గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్, నల్లగా రేకులా ఉన్నది మైకా. కొండ అరిగి ఏట్లోకి ఎలా వచ్చిందో అరచేతిలో చూసిన రోజది. రాయి మీద నాకున్న ప్రేమ అక్కడే ముదిరింది.

బెంగుళూరులో తిరుపతోడు:
ఇసుక అంటే బకెట్ గుర్తురాకుండా ఎలా ఉంటుంది? సార్ క్లాసులో కూర్చున్న ప్రతివాడికీ ఆ బకెట్ గుర్తుంటుంది.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నా. పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్ నిండా ఏటి ఇసుక పోసి టేబుల్ మీద పెట్టేవారు. పూర్తిగా ఎండిన ఇసుక. "బకెట్ నిండిందా?" "నిండింది సార్." అప్పుడు లీటరు మగ్గుతో నీళ్ళు పోయించేవారు, అది కూడా మాచేతే. ఒక మగ్గు పోస్తే పైన తడి కూడా నిలవదు. రెండోదీ అంతే. మూడోది పోశాక, ఇంకొంచెం పోస్తే అప్పుడు పైన నీరు కనబడుతుంది. నిండిన బకెట్‌లో మూడు లీటర్ల పైన నీళ్ళు పట్టాయి! తర్వాత బకెట్ అడుగున బెజ్జానికి పెట్టిన బిరడా తీసేవారు. నీళ్ళు ఒక్కసారిగా దూకవు, సన్నగా దిగుతాయి. క్లాసు అయిపోయి మేం వెళ్ళేటప్పటికి కూడా కారుతూనే ఉండేది.

"ఏరంటే పైన పారేది మాత్రమే కాదురా. ఇసుక ఏటికి కుండ. వానాకాలంలో నింపుకుని ఎండాకాలం మీ బావికి పోస్తుంది" అనేవారు. రెండు మూడు అడుగుల లోతు దాటాక ఇసుకలోని నీటిని ఎండ పెద్దగా ముట్టుకోలేదు. చెరువులో నీళ్ళయితే ఆవిరైపోతాయి. మన వైపు వాన ఏడాదంతా పడదు కదా, సగానికి సగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే కురిసి పోతుంది. దాన్ని వేసవి దాకా దాచేది ఇసుకే. ఒక ట్రాక్టరు ఇసుక ఎత్తితే ఎన్ని నీళ్ళు దాచే చోటు పోయిందో మాచేత లెక్క కట్టించేవారు. మూడు ఘనపు మీటర్ల ట్రాలీకి దాదాపు తొమ్మిదివందల లీటర్లు. ఆ లెక్క బోర్డు మీద చెరపకుండా ఉంచి పక్క క్లాసుకి వెళ్ళిపోయేవారు.

నేనిప్పుడు గ్రౌండ్‌వాటర్ పనిలోనే ఉన్నాను. మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'పొరాసిటీ' (రేణువుల మధ్య నీళ్ళు పట్టే ఖాళీ) అని కొట్టే ప్రతిసారీ ఆ బకెట్టే కళ్ళముందు ఉంటుంది.

తొండవాడ రైతుబిడ్డ:
నేను సార్ దగ్గర చదువుకోలేదు. మా బావి ఆయన దగ్గర చదువుకుంది అనాలి.

మాది తొండవాడ. భీమ, కల్యాణి వచ్చి స్వర్ణముఖిలో కలిసేది మా దగ్గరే, అగస్త్యేశ్వరుడి గుడి పక్కన. ముక్కోటికి తిరుపతి నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళని, ఏటి ఇసుకలో కూర్చుని పులిహోర తినేవాళ్ళని మా జేజి చెప్పేది. ఇసుకలో చెయ్యి పెట్టి మూరెడు తవ్వితే చెలమలో నీళ్ళు ఊరేవి, అవే తాగేవాళ్ళు. ఇప్పుడు ముక్కోటికి జనం వస్తున్నారు, చెలమ మాత్రం లేదు.

మా తాత కాలంలోనే సార్ మా బావి కొలవడం మొదలుపెట్టారు. మే నెల్లో ఒకసారి, డిసెంబరులో వానలు వెనకబట్టాక ఒకసారి. స్టీలు టేపు చివర నాలుగైదు అడుగుల మేర సుద్ద రుద్దేవారు. టేపు బావిలోకి వదిలి, గట్టు మీద ఎప్పుడూ పెట్టే గుర్తు దగ్గర సరిగ్గా ఒక అంకె వచ్చేలా పట్టుకుని, పైకి లాగేవారు. సుద్ద ఎక్కడిదాకా తడిసి రంగు మారిందో చూసి, ఆ అంకెని పై అంకెలోంచి తీసేస్తే నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తెలిసిపోతుంది. గట్టు మీద ఆ గుర్తు తెల్ల పెయింటుతో పెట్టిన అడ్డగీత. ఇప్పటికీ ఉంది. మా నాయన బావికి సున్నం కొట్టించినప్పుడు కూడా దాన్ని ముట్టుకోనివ్వలేదు.

అంకె లాంగ్ బుక్కులో రాసుకుని, మా తాతకి చదివి వినిపించి, సంతకం పెట్టించుకునేవారు. తాతకి సంతకం రాదు, వేలిముద్ర వేసేవాడు. "మీ బావి, మీ అంకె. రేపు ఎవరైనా కాదంటే మీరే సాక్షి" అనేవారు సార్. తర్వాత మా అమ్మ పెట్టే సంగటి, ఊరిబిండి తిని, పక్క చేనికి నడిచేవారు. కారు ఉన్నా గట్టు మీద ఆపేసి నడిచే పోయేవారు.

చెరుకు ఉన్నప్పుడు మా బావిలో మే నెలలో కూడా మోటారు ఆగేది కాదు. గానుగ దగ్గర బెల్లం వండుతుంటే సార్‌కి వేడి వేడి పాకం ఆకులో పోసి ఇచ్చేవాళ్ళం. నీళ్ళు కిందికి పోతూ పోతూ చెరుకు పోయింది, శెనక్కాయలకి వచ్చాం, తర్వాత మామిడి పెట్టాం. ఏ ఏడు ఎంత పోయిందో ఆయన బుక్కులో ఉంది.

పాకాల ప్యాసింజర్:
ఆ బుక్కుల గురించే అడగాలనుకుంటున్నా. వాళ్ళబ్బాయి బీరువాలో భద్రంగా ఉన్నాయన్నారు. దాని సంగతి చివర్లో మాట్లాడదాం. కాళహస్తి వైపువాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కాళహస్తి కలం:
ఉన్నాను అన్నా. మా ఇంట్లో మూడు తరాలుగా కలంకారీ వేస్తున్నారు. సార్‌కి మా నాన్న స్నేహితుడు.

కలంకారీకి ఏరెందుకో చాలామందికి తెలియదు. గాడా అనే ముతక నూలు గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతాం. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము వేసి ఊరబెట్టిన కసింతో నల్లగీతలు వేస్తాం. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూస్తాం. పూశాక ఒకటి రెండు రోజులు ఆగి ఉతకాలి. ఇక్కడే ఏటి అవసరం. ఎక్కువైన పటిక గుడ్డ వదిలి పోవాలి, కానీ పక్కనున్న తెల్లటి చోటికి అంటకూడదు. నిలవనీటిలో ముంచితే అదే నీళ్ళలో తిరిగి తిరిగి అంటుకుంటుంది. పారే నీళ్ళయితే ఎప్పటికప్పుడు కొట్టుకుపోతుంది. మా నాన్న మోకాలిలోతు నీళ్ళలో నిలబడి గుడ్డని పారే దిక్కుకి పరిచి పట్టుకునేవాడు. ఉతికినది అక్కడే ఇసుక మీద ఆరేసేవాళ్ళం.

నీళ్ళు పారే నెలలు తగ్గిపోయాయి. ఉన్న నీళ్ళలో పైనుంచి వచ్చే మురుగు. చాలామంది ఇళ్ళ దగ్గర సిమెంటు తొట్లు కట్టుకుని బోరు నీళ్ళతో ఉతకడం మొదలుపెట్టారు. ఒక ఏడాది మా ఎరుపు ఎరుపుగా రాలేదు, ఇటుకరంగులోకి తిరిగి నల్లబారింది. నాన్న ఎరుపు రంగుకి వాడే చెక్కని అనుమానించాడు, పటికని అనుమానించాడు. సార్ వచ్చి తొట్టి నీళ్ళు రెండు సీసాల్లో పట్టుకెళ్ళి పరీక్ష చేయించారు. బోరు నీళ్ళలో ఇనుము ఎక్కువుంది. కరక్కాయకి ఇనుము తగిలితే నల్లబడుతుంది, కసిం నల్లగా వచ్చేది కూడా అందుకే కదా! మాకు తరతరాలుగా చేత్తో తెలిసిన సంగతే, కానీ తొట్టి నీళ్ళలో అదే జరుగుతోందని తట్టలేదు. ఆ బోరు మానేసి వేరే బావి నీళ్ళకి మారాక రంగు తిరిగొచ్చింది.

సార్ ఊరికే నీళ్ళ పరీక్ష చేసి పోలేదు. ఏయే నెలల్లో ఏట్లో ఉతకగలిగామో నాన్న చేత క్యాలెండరు మీద గుర్తు పెట్టించేవారు. ఏడాది చివర ఆ క్యాలెండరు తీసుకెళ్ళి కొత్తది ఇచ్చేవారు. ఏరు ఎన్నాళ్ళు పారిందో చెప్పడానికి కాళహస్తిలో నీకన్నా నమ్మకమైన మనిషి లేడని నాన్నతో అనేవారు. నాన్నకి ఆ మాట ఏ అవార్డుకన్నా ఎక్కువ.

గుడి కట్టిన కూలీలకి ఏటి ఇసుక కొలిచి ఇస్తే, చేసిన కష్టానికి తగ్గట్టు బంగారంగా మారేదని మా ఊళ్ళో కథ. తిన్నడు శివుడికి అభిషేకం కోసం నోటితో పట్టి తెచ్చిన నీళ్ళు కూడా ఈ ఏటివేనంటారు. సార్ ఈ కథలన్నీ చెప్పించుకుని వినేవారు, ఎప్పుడూ కొట్టిపారేయలేదు.

ట్రాక్టరోళ్ళబ్బాయి:
అందరూ రాస్తున్నారు, నేనూ రాస్తాను. కొందరికి నచ్చకపోవచ్చు.

మా నాయన ఇసుక ట్రాక్టరు తోలేవాడు. సొంత బండి కాదు, కూలికి. సార్ పెట్టిన అర్జీల వల్ల మా రేవు మూసేశారు. నీళ్ళు, నేల, చెట్లు కాపాడడానికి వాల్టా చట్టం అని 2002లో వచ్చిందట, దాన్ని చూపించి అడిగారట. ఆ ఎండాకాలం మా ఇంట్లో చాలా కష్టమైంది. అప్పు చేసి స్కూలు ఫీజు కట్టారు. మాకు ఇసుక తప్ప వేరే పని తెలియదు. పొద్దున లేస్తే ఏరు కాపాడాలనేవాళ్ళు సాయంత్రం వాళ్ళ ఇంటికి శ్లాబు వేయడానికి మా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

అయితే ఒకటి చెప్పాలి. అందరూ మా నాయన్ని దొంగలా చూసిన రోజుల్లో సార్ ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని గంటలకొద్దీ అడిగారు. నువ్వు బండెక్కిన కొత్తలో ఫలానా చోట ఇసుక ఎంత మందం ఉండేది? ఎక్కడ తవ్వితే బంకమట్టి తగిలేది? ఇప్పుడు ఎంత ఉంది? నాయన ఒక్కో మలుపు పేరు చెబుతుంటే సార్ మ్యాపు మీద రాసుకున్నారు. ఏటి అడుగు ఎట్లుంటుందో నీకు తెలిసినంత నాకు తెలియదు అని మా ముందరే అన్నారు. నాయనకి ఆ మర్యాద ఎవరూ ఇవ్వలేదు. సార్ పోయారని చెబితే అన్నం తినకుండా లేచిపోయాడు.

బెంగుళూరులో తిరుపతోడు:
@ట్రాక్టరోళ్ళబ్బాయి, నచ్చకపోవడమేం తమ్ముడూ, ఇది రాయాల్సిందే. సార్ కూడా ఇసుక అసలు ముట్టుకోవద్దనలేదు. ఏటా ఏరు తెచ్చేదెంత, మనం తీసేదెంత అన్నదే ఆయన లెక్క. ఇసుక పాలసీ 2016లో ఉచితమన్నారు, 2019లో ఆన్‌లైన్ అమ్మకమన్నారు, 2024లో మళ్ళీ ఉచితమన్నారు. ఎవరి జేబులోకి డబ్బు పోతోందన్న దాని మీదే వాదనంతా. ఏటికి ఎంత మిగులుతోందన్నది సార్ తప్ప ఎవరూ అడగలేదని నా బాధ.

ముంగిలిపట్టు:
రాతిపొడి ఇసుక వాడొచ్చు కదా ఇళ్ళకి. సార్ వాళ్ళింటి పై అంతస్తు దాంతోనే కట్టించారు.

ట్రాక్టరోళ్ళబ్బాయి:
దానికి కొండ పగలగొట్టాలి అన్నా. మా పక్క ఊళ్ళో క్వారీ దుమ్ముకి మామిడి పూత నిలవడం లేదు.

రాళ్ళపిచ్చి:
నిజమే. సార్‌తో ఇదే వాదించాను ఒకసారి. పాత బిల్డింగులు కూల్చిన సిమెంటు చెత్తని మళ్ళీ నలగ్గొట్టి వాడడం, ఇల్లు అవసరమైనంతే కట్టుకోవడం, రెండూ కావాలన్నారు. రెండోది వినడానికి ఎవరూ ఇష్టపడరని కూడా అన్నారు.

పాడిపేట:
నేను 2021 నవంబరు గురించి రాస్తాను. ఆ వానలు మీకందరికీ గుర్తే. తిరుచానూరు, పాడిపేట మధ్య వంతెన కూలిపోయింది. ఏటి ఒడ్డున ఇళ్ళు కళ్ళముందే నీళ్ళలోకి ఒరిగిపోయాయి. ఆ వీడియోలు దేశమంతా చూసింది.

దానికి చాలా ఏళ్ళ ముందు మా నాన్న ఏటి పక్కన ఒక స్థలం బేరమాడారు. చవకగా వస్తోంది, తిరుచానూరుకి దగ్గర, రోడ్డు పడుతుందంటున్నారు. సార్ మాకు దూరపు పరిచయం, అటుగా వెళ్తూ ఆగారు. పక్క ప్లాటులో పునాది గుంత తవ్వి ఉంది. అందులోకి దిగి గోడలు చేత్తో తడిమి నాన్నని పిలిచారు. పైన మూడడుగులు ఎర్రమట్టి, బయటి నుంచి తెచ్చి పోసింది. దాని కింద ఇసుక, ఇసుకలో నున్నగా గుండ్రంగా అరిగిన గులకరాళ్ళు, అన్నీ ఒకే వైపు ఒరిగి పడుకున్నాయి. "ఇవి లారీలో వచ్చిన రాళ్ళు కాదు. ఏరు దొర్లించుకొచ్చి ఇక్కడ పడేసింది. అంటే ఇది ఏటి చోటు. ఇప్పుడు కనబడే వెడల్పుని చూసి మోసపోకండి" అన్నారు. నాన్న బేరం వదులుకున్నారు. బంధువులు చాలా మాటలన్నారు, బంగారంలాంటి స్థలం పోగొట్టుకున్నాడని.

వరద రోజు రాత్రి మా అమ్మ మమ్మల్ని దగ్గర కూర్చోబెట్టుకుని సార్‌కి ఫోన్ చేయించింది. ఆయన ముందు అడిగింది మా సంగతి కాదు, ఆ ప్లాటు చివరికి కొన్నవాళ్ళు క్షేమమేనా అని. వాళ్ళు సాయంత్రమే బయటికి వచ్చేశారని చెప్పాక ఊపిరి పీల్చుకున్నారు.

ఇసుక ఎత్తి గుంతలు చేసిన చోట నీళ్ళు సుడి తిరిగి గట్టుని అడుగునుంచి కోసేస్తాయని, పైన కాలువలూ చెరువులూ పూడ్చేస్తే ఆ నీళ్ళన్నీ ఒకేసారి ఏట్లోకి వచ్చి పడతాయని తర్వాత మా కాలనీ మీటింగులో వివరించారు. అప్పటికే నడవలేకపోతున్నారు, కుర్చీలో మోసుకొచ్చాం.

నాయుడుపేట టీచరమ్మ:
తిరుపతి వాళ్ళంతా ఇది మీ ఏరే అనుకుంటారు నాయనా, చివరికి నీళ్ళొచ్చేది మా మీదికే! 2023 డిసెంబరు తుఫానుకి మా వైపు ఎట్ల మునిగిందో చూసినవాళ్ళకి తెలుసు.

సార్‌ని మా స్కూలుకి పిలిచాను పిల్లలతో మాట్లాడమని. ఒక పిల్లాడు లేచి, నీళ్ళన్నీ సముద్రంలో కలిసి వృథా అయిపోతున్నాయి కదా సార్ అన్నాడు. పేపర్లో చదివిన మాటే. సార్ కోప్పడలేదు. "మీ ఊళ్ళో సముద్రం దగ్గరి బావులు ఉప్పుగా ఉంటాయా, తియ్యగా ఉంటాయా?" అని తిరిగి అడిగారు. కొన్ని ఉప్పు, కొన్ని తీపి. ఏరు దండిగా పారిన ఏడు తీపి బావులు ఎక్కువా? పిల్లలు ఇళ్ళలో అడిగి మర్నాడు చెబుతామన్నారు. సార్ మర్నాటి దాకా మా ఇంట్లోనే ఉండిపోయారు, ఆ జవాబు కోసం. పిల్లలు అవ్వాతాతల్ని అడిగొచ్చారు, అవునన్నారు. నేల లోపల తియ్యనీరు తోస్తుంటే ఉప్పునీరు వెనక్కి ఉంటుందని, ఆ తోపు తగ్గితే సముద్రం లోపలికి జొరబడుతుందని అప్పుడు చెప్పారు. ఏరు తెచ్చే ఇసుకతోనే తీరం నిలబడుతుందని కూడా.

2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నాకు ఫోన్ చేసి ఎంత సంబరపడ్డారో. పుట్టిన కొండ నుంచి సముద్రం దాకా దాదాపు ఏరంతా ఒకే జిల్లాలోకి వచ్చింది, ఇక ఒక్క కలెక్టర్‌ని అడిగితే చాలు అన్నారు. చాలా అర్జీలు రాశారు ఆ ఏడాది.

ముంగిలిపట్టు:
నేను తక్కువ రాస్తాను. మా వైపు ఏటి అడుగున కట్టిన సబ్‌సర్ఫేస్ డ్యామ్ గురించి సార్ లేకపోతే మాకు తెలిసేది కాదు. ఇసుక కింద గట్టి నేల తగిలేదాకా ఏటికి అడ్డంగా కందకం తవ్వి, గోడ కట్టి, మళ్ళీ ఇసుక కప్పేస్తారు. పైకి ఏమీ కనబడదు. ఇసుక లోపల జారిపోయే నీళ్ళు గోడ దగ్గర ఆగి, ఎగువ బావుల్లో నిలుస్తాయి. పొలాలు మునగవు, ఆవిరయ్యేదీ తక్కువ. కనబడదు కాబట్టి ఎవరూ దాని జోలికి పోరనుకున్నాం. గోడ పక్కనే ఇసుక తవ్వేశారు ఒకసారి. సార్ పాకాల రైలు దిగి ఎండలో నడిచొచ్చి, ఊరివాళ్ళని పోగుచేసి, గోడ ఉన్న చోట రెండు గట్ల మీదా రాళ్ళు పాతించారు. ఆ రాళ్ళకి మా వాళ్ళు ఇప్పుడు పసుపు పూస్తున్నారు. జోలికి ఎవరూ రావడం లేదు.

చంద్రగిరి కోట:
చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత చేసిన మనిషికి ఊళ్ళో ఒక విగ్రహమైనా ఉండాలి. ఏటి వంతెన దగ్గర పెట్టిద్దాం. చందా నాతో మొదలుపెట్టండి.

తొండవాడ రైతుబిడ్డ:
పెద్దాయన మీద ప్రేమతో అన్నారు, కాదనను అన్నా. కానీ ఆ డబ్బుతో బావుల లెక్క సాగిస్తే బాగుంటుంది. సార్ మంచాన పడ్డాక మా బావి ఎవరూ కొలవలేదు. మే నెల అంకె ఖాళీగా ఉంది.

కాళహస్తి కలం:
నేనూ అదే అనబోయాను.

చంద్రగిరి కోట:
సరే, నాకూ అదే న్యాయం అనిపిస్తోంది. కానీ ఒక సందేహం. భూగర్భజల శాఖ వాళ్ళ పీజోమీటర్లు ఉన్నాయి కదా జిల్లా అంతటా, వాళ్ళు కొలుస్తూనే ఉన్నారు. మళ్ళీ మనం కొలవడం ఎందుకు?

బెంగుళూరులో తిరుపతోడు:
మంచి ప్రశ్న. పీజోమీటరు అంటే కొలవడానికే వేసిన బోరు. లోతుగా రాతి పగుళ్ళలో నీటిమట్టాన్ని చూపిస్తుంది. మండలానికి కొన్నే ఉంటాయి. సార్ కొలిచినవి ఏటి గట్టున తవ్వుడు బావులు, ఇసుక నీటితో నేరుగా ముడిపడినవి. ఏట్లో ఇసుక తగ్గితే ముందు తెలిసేది వీటిలోనే. పైగా అదే బావి, అదే గుర్తు, అదే నెల, ఏళ్ళ తరబడి. ఒకసారి తెగితే ఆ లెక్క అతకడం కష్టం. నా ఆఫీసులో లక్షలు పోసి కొన్న డేటాలో ఇంత నమ్మకమైనది చూడలేదు.

పాకాల ప్యాసింజర్:
వాళ్ళబ్బాయితో ఇప్పుడే మాట్లాడాను. బుక్కులు ఇల్లు దాటించనన్నారు, కానీ వాళ్ళింట్లోనే కూర్చుని ఫోటోలు తీసుకోవచ్చన్నారు. వేలిముద్రలు, రైతుల పేర్లు ఉన్న వైపు బయట పెట్టకూడదు. అంకెలు, ఊరు, నెల మాత్రం ఎక్సెల్‌లో ఎక్కిద్దాం. టైపింగుకి నేను, పాడిపేట చెల్లెలు. ఇంకెవరైనా?

నాయుడుపేట టీచరమ్మ:
మా తొమ్మిదో తరగతి పిల్లల చేత సముద్రం వైపు బావులు కొలిపిస్తాను. ఉప్పు, తీపి కూడా రాయిస్తాను.

ట్రాక్టరోళ్ళబ్బాయి:
నాయన చెప్పిన మలుపులు, ఇసుక మందం ఉన్న మ్యాపు ఆ బుక్కుల్లో ఉందో లేదో చూడండి అన్నా. ఉంటే ఒక కాపీ కావాలి. నాయనతో కలిసి మళ్ళీ ఆ చోట్లకి పోయి ఇప్పుడెంత ఉందో గడ్డపార దింపి చూసి రాస్తాం.

పాకాల ప్యాసింజర్:
తప్పకుండా తమ్ముడూ. మ్యాపు దొరికితే మొదటి కాపీ మీ నాయనకే.

తొండవాడ రైతుబిడ్డ:
డిసెంబరులో వాన వెనకబట్టాక మా దగ్గరనుంచి మొదలుపెడదాం. స్టీలు టేపు ఎవరి దగ్గరుంది? గుడ్డ టేపు పనికిరాదు, తడిస్తే సాగుతుంది.

రాళ్ళపిచ్చి:
నా దగ్గర ముప్పై మీటర్లది ఉంది. చాలదేమో?

తొండవాడ రైతుబిడ్డ:
తవ్వుడు బావులకి చాలు. మా పక్క చేని బావి మీద ఈమధ్య సిమెంటు మూత వేశారు, పిల్లలు పడతారని. ఆ రైతుతో మాట్లాడి టేపు దిగేంత బెజ్జం పెట్టించే పని నాది. పొద్దున తొమ్మిది లోపల రండి, మోటార్లు వేశాక కొలిస్తే అంకె తప్పొస్తుంది.